మూడు గంటల హాలు, నాలుగు గంటల ఆస్కార్

హనుమకొండలో కొన్నేళ్ళుగా ‘ప్రైవేటు థియేటర్’ పేరుతో చిన్న చిన్న హాళ్ళు వెలిశాయి. పేరు చూసి సినిమా హాళ్ళనుకుంటే పొరపాటే. ఏదో ఒక వాణిజ్య సముదాయం పై అంతస్తులో రెండు మూడు గదులు తీసుకుని, గోడలకు ఫోమ్ షీట్లు అంటించి, ఒక ప్రొజెక్టరూ నాలుగు సోఫాలూ వేసి, పుట్టినరోజులకూ పెళ్ళిరోజులకూ గంటల లెక్కన అద్దెకిచ్చే గదులివి. తలుపు తెరవగానే పొగ వస్తుంది, గులాబీ రేకులు పడతాయి, తెర మీద పుట్టినరోజు మనిషి ఫొటోలు తిరుగుతాయి, కేక్ కోస్తారు, మిగిలిన సమయంలో ఇష్టమైతే సినిమా చూస్తారు. అలాంటి గదిని 2025 మార్చి 3న తెల్లవారుజామున మేం ఐదుగురం ఆస్కార్ వేడుకను ప్రత్యక్షంగా చూడటానికి అద్దెకు తీసుకున్నాం. ఇది ఆ సేవ మీద సమీక్ష. హాలు పేరు రాయడం లేదు. నేను చూసిన రెండు మూడు హాళ్ళ తీరూ దాదాపు ఒకటే కాబట్టి, పేరు లేకపోయినా చదివేవారికి వచ్చే నష్టం పెద్దగా ఉండదు.

ముందుగా, ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. మేం ఐదుగురం జూనియర్ కాలేజీ అధ్యాపకులం, ఒకరిద్దరం ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డవాళ్ళం. అంతకుముందు అవార్డుల వార్తలను మరునాటి పేపర్లో చదివి ఊరుకునేవాళ్ళం. 2023 మార్చి 13 ఉదయం మాత్రం అందరం మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. ‘నాటు నాటు’ బరిలో ఉంది, ఆ పాట రాసిన చంద్రబోస్ చిట్యాల మండలం చల్లగరిగ మనిషి. ఇప్పుడది జయశంకర్ భూపాలపల్లి జిల్లా అయినా, మా తరానికి ఆ ఊరు వరంగల్ జిల్లానే. మాలో ఒకరిది ఆ చుట్టుపక్కలే కావడంతో, కీరవాణితో పాటు ఆయన వేదిక మీదికి నడుస్తున్నప్పుడు మా గదిలో లేచిన కేకలకు కింది వాటాలో ఉన్నవాళ్ళు ఏమైందోనని పైకి వచ్చారు. ఆ రోజుతో వేడుకను చూడటం ఒక అలవాటైంది. ఆ తర్వాత వేడుకను మాత్రమే కాక, దానికి ముందు మూడు నెలలు నడిచే తతంగమంతా అనుసరించడం మరో అలవాటైంది. డిసెంబరులో కొన్ని విభాగాలకు వచ్చే వడపోత జాబితాలు, జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్, ఆస్కార్ నామినేషన్లు, ఫిబ్రవరిలో బ్రిటన్ వారిచ్చే బాఫ్టా, నిర్మాతల, దర్శకుల, నటుల సంఘాల అవార్డులు, అన్నిటికీ చివర ఆస్కార్. పంట కాలం ఎలా అంచెలంచెలుగా సాగుతుందో ఇదీ అలాగే సాగుతుంది.

2024లో ఈ అలవాటు ఇంట్లో ఇబ్బందిగా మారింది. ఆ ఏడు వేడుక మన లెక్కన తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలైంది. అమెరికాలో అప్పటికే గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. 2025లో వేడుక మార్చి 2నే పడటంతో ఆ మార్పు ఇంకా రాలేదు కాబట్టి మనకు ఐదున్నర అయింది. నాలుగున్నరకు ఐదుగురు మగవాళ్ళు ముందు గదిలో చేరి కాస్ట్యూమ్ డిజైన్ గురించి వాదించుకోవడాన్ని మా ఆవిడ ఒక్కసారి భరించింది. మరుసటి ఏడాదికి వేరే చోటు చూసుకొమ్మని మర్యాదగానే చెప్పింది. అలా ఈ హాలు గుర్తుకొచ్చింది.

బుకింగ్ ఫోన్‌లోనే చేసుకోవచ్చు. అయితే ‘సందర్భం’ అన్న గడిలో పుట్టినరోజు, పెళ్ళిరోజు, సీమంతం, పెళ్ళికి ఒప్పించడం లాంటివే ఉన్నాయి తప్ప, ఊరికే సినిమా చూడటానికి వచ్చేవారికి గడి లేదు. గత్యంతరం లేక పుట్టినరోజు అని నొక్కాను. ఫోన్‌లో మాట్లాడిన కుర్రవాడికి విషయం వివరించినప్పుడు, “ఆస్కారా సార్? అది ఎన్ని గంటల సినిమా?” అని అడిగాడు. వేడుక అని చెప్పాను. మామూలుగా ఉదయం తొమ్మిదింటికి తెరిచే హాలును ఐదింబావుకు తెరుస్తానన్నాడు. ఈ ఒక్క విషయంలో ఆ కుర్రవాడికి పూర్తి మార్కులు వేయాలి. మూడు గంటల స్లాటుకు 1,500 రూపాయలు, తెల్లవారుజామున తెరిచినందుకు అదనంగా 300. ఐదుగురికి పంచుకుంటే మనిషికి 360 రూపాయలు. ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా రాసుకున్నాడు. ఈ అంకెను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, దీనితో తర్వాత పని పడుతుంది.

ఆ రోజు రంజాన్ ఉపవాసాల రెండో రోజు. సహరీ ముగించుకుని నమాజుకు వెళ్ళేవారితో చౌరస్తా మేలుకునే ఉంది కాబట్టి, ఆ వేళకు చాయ్ దొరకదేమోనన్న భయం తీరిపోయింది. అన్నమాట ప్రకారం కుర్రవాడు తలుపు తీసే ఉంచాడు. మేం అడుగు పెట్టగానే పొగ వచ్చింది, తెర మీద నా పేరుతో జన్మదిన శుభాకాంక్షలు వచ్చాయి. నా పుట్టినరోజు జూన్‌లో. మా భూగోళశాస్త్రం సారు నవ్వాపుకోలేక సోఫాలో కూలబడ్డారు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఇలాంటి హాళ్ళు తెరనూ సౌండునూ ఇస్తాయి, చూడాల్సినదాన్ని మనమే తెచ్చుకోవాలి. ఆ ఏడాది వేడుకను మన దేశంలో జియోహాట్‌స్టార్ ప్రత్యక్షంగా చూపింది, టీవీలో స్టార్ మూవీస్ ఛానల్ ఇచ్చింది. హాల్లో కేబుల్ కనెక్షన్ లేదు. నా ఖాతాతో లాగిన్ కావాలంటే, అది మా ఆవిడ నంబరు మీద ఉంది. ఐదూ ఇరవైకి ఓటీపీ మా ఇంట్లో నిద్రపోతున్న ఫోన్‌కు వెళ్ళింది. తర్వాత జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగినది కాదు. ఇలాంటి చోటికి వెళ్ళేవారు ముందురోజే లాగిన్ సంగతి చూసుకోవడం మంచిది. నిజానికి ఓటీటీల నియమాలు చందాను సొంతానికి, వ్యాపారేతర వాడకానికి మాత్రమే ఇస్తాయి. అద్దె గదిలో మన లాగిన్‌తో చూసేది ఈ నియమంలోకి వస్తుందా రాదా అన్న ప్రశ్నను ఈ హాళ్ళు కస్టమర్ నెత్తిన పెట్టి ఊరుకుంటున్నాయి. ఇది నాకు నచ్చలేదు.

తెర సంగతికి వస్తే, గోడ నిండా బొమ్మ ఉంటుంది, కళ్ళకు కష్టం లేదు, సోఫాలు మెత్తగా ఉన్నాయి. ఇంట్లో టీవీలో కనిపించని చిన్న చిన్న విషయాలు, ముందు వరుసల్లో కూర్చున్నవారి ముఖాలు, పేరు పిలవనప్పుడు ఓడినవారు పెట్టుకునే చిరునవ్వు, ఇక్కడ తేటగా కనిపిస్తాయి. అవార్డుల వేడుకను చూసేవాడికి ఆ చిరునవ్వే సగం సినిమా. అయితే తెరకు పైన గులాబీ రంగులో ‘హ్యాపీ బర్త్‌డే’ అని వెలిగే అక్షరాలు ఉన్నాయి. వాటి స్విచ్చూ ఏసీ స్విచ్చూ ఒక్కటే. దాన్ని ఆపితే ఏసీ పోతుంది. మార్చి మొదట్లో తెల్లవారుజామున ఏసీ లేకపోతే ఏమవుతుందని మొదట ఆపేశాం. కిటికీ లేని గదిలో ఐదుగురి ఊపిరికే అరగంటలో ఉక్కపోత మొదలై, మళ్ళీ వేసుకోక తప్పలేదు. దాంతో లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్ వేదిక మిగిలిన సమయమంతా మాకు కొంచెం గులాబీ రంగులోనే కనిపించింది.

సౌండు పాటల కోసం పెట్టినది. డీజే మోతకు సరిపోయే బాస్ ఉంది, మాట మాత్రం నీళ్ళలో నుంచి వచ్చినట్టు వినిపించింది. వేడుకలో ప్రధానం మాటే. వ్యాఖ్యాత కొనన్ ఓబ్రయన్ విసిరే చతుర్లు వేగంగా పోతుంటాయి, ఉపశీర్షికలు లేవు. మనవాళ్ళకు పొద్దున పూట కదా అని ఆయన మధ్యలో హిందీలో పలకరించిన మాటొక్కటి మాకందరికీ ఒకేసారి అర్థమైంది. కుర్రవాణ్ణి పిలిచి బాస్ తగ్గించమంటే, “తగ్గిస్తే ఎఫెక్ట్ రాదు సార్” అన్నాడు గానీ తగ్గించాడు. ఆ తర్వాత చాలావరకు అర్థమైంది.

ఇంకొక లోపం హాలుది కాదు, ఇంటర్నెట్ ప్రసారాల తీరుది. టీవీలో వచ్చినదానికంటే ఆన్‌లైన్‌లో వచ్చేది కొన్ని సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, వెనకబడి ఉంటుంది. కాజీపేటలో ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మా రైల్వే మిత్రుడు ఉత్సాహంగా ఫలితాలను వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాడు. ఇక్కడ కవరు తెరవకముందే జేబులో ఫోన్ వణుకుతోంది. మొదటి అవార్డు, ఉత్తమ సహాయ నటుడిగా కీరన్ కల్కిన్ పేరు, అలా ముందే తెలిసిపోయింది. వెంటనే ఫోన్లన్నిటినీ బెలూన్ల బుట్టలో వేసి మూత పెట్టాం. ప్రత్యక్ష ప్రసారాన్ని ఆన్‌లైన్‌లో చూసేవారు ఇదే పని చేయాలి.

మా బృందంలో ప్రతి ఏడాదీ ఊహల కాగితాలు ఉంటాయి. అప్పట్లో 23 విభాగాలు. ప్రతి విభాగంలో ఎవరికి వస్తుందో ముందే రాసి, సంతకం చేసి, ఎక్కువ సరిగ్గా ఊహించినవారికి మిగిలిన నలుగురు కలిసి టిఫిన్ పెట్టించాలి. ఈ కాగితం నింపడమే అసలైన సరదా, సీజనంతా అనుసరించినవాడికీ పొద్దున లేచి ఊరికే చూసేవాడికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఆ ఏడాది సీజన్ మామూలుగా నడవలేదు. జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టూ కార్చిచ్చులు రేగి, నామినేషన్ల ప్రకటన 17 నుంచి 23కు వాయిదా పడింది. జనవరిలో జరగాల్సిన క్రిటిక్స్ చాయిస్ అవార్డులు ఫిబ్రవరి 7కు పోయాయి. ఆ మరుసటి రోజే నిర్మాతల సంఘమూ దర్శకుల సంఘమూ అవార్డులిచ్చాయి. మూడు చోట్లా ప్రధాన అవార్డు ‘అనోరా’ సినిమాకే. గోల్డెన్ గ్లోబ్స్‌లో చేయి ఖాళీగా తిరిగివచ్చిన సినిమా రెండు రోజుల్లో ముందు వరుసలోకి వచ్చింది. ఆ తర్వాత బాఫ్టా ఉత్తమ చిత్రమూ, నటబృందం మొత్తానికి నటుల సంఘం ఇచ్చే సమష్టి అవార్డూ ‘కాంక్లేవ్’కు పోవడంతో మాలో ముగ్గురు మనసు మార్చుకున్నారు. నేను మార్చుకోలేదు, దానికి కారణం ఓట్లు లెక్కించే పద్ధతి.

ఉత్తమ చిత్రానికి మాత్రం ఆస్కార్ వారు ఓట్లను మిగతా విభాగాలలాగా లెక్కించరు. పోటీలో ఉన్న పది సినిమాలను సభ్యులు ఒకటి నుంచి పది వరకు వరుసలో పెట్టాలి. ఏ సినిమాకూ సగానికి మించి మొదటి స్థానాలు రాకపోతే, అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని తీసేసి, ఆ కాగితాలపై రెండో స్థానంలో ఉన్న సినిమాలకు ఆ ఓట్లను పంచుతారు. సగం దాటేవరకు ఇదే సాగుతుంది. పది మంది కలిసి హోటల్‌కు వెళ్ళినప్పుడు ఎవరికి వారు ఒక్కొక్కటి కోరుకున్నా, చివరికి అందరికీ ఫరవాలేదనిపించే ఇడ్లీ దగ్గర ఆగడం లాంటిది ఇది. కొందరికి ప్రాణంగా నచ్చి మరికొందరికి గిట్టని సినిమా ఇందులో దెబ్బతింటుంది. నిర్మాతల సంఘం కూడా ఇదే పద్ధతిలో లెక్కిస్తుంది కాబట్టి, ఆ విభాగం వరకు నేను వారినే నమ్ముతాను.

ఈ వాదనంతా హాల్లో చేయాలంటే కాగితం కనపడాలి. కనపడదు. వెలుతురు ఉంటే అలంకరణ దీపాలది, లేదంటే చిమ్మచీకటి. చదువుకోవడానికి ఒక్క బల్బు లేదు. ఫోన్లేమో బుట్టలో ఉన్నాయి. చివరికి కేక్ మీద పెట్టే కొవ్వొత్తి ఒకటి అడిగి తీసుకుని దాని వెలుగులో టిక్కులు పెట్టుకున్నాం. గోడలంతా ఫోమ్ ఉన్న గదిలో కొవ్వొత్తి వెలిగించడం తెలివైన పని కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను, అయితే ఆ గదిలో రోజూ జరిగేది అదే. గదికి ఒకే తలుపు ఉంది. మంటలార్పే సిలిండర్ ఒకటి మెట్ల దగ్గర కనిపించింది. పిల్లలతో వెళ్ళేవారు ఈ రెండూ చూసుకోవాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పేది లేదు. బయటి తిండి తేకూడదని నియమం, లోపల ఆ వేళకు దొరికేది చిప్స్ పొట్లాలూ కూల్‌డ్రింకులూ. మా మిత్రుడొకరు ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన సర్వపిండిని చూసి కుర్రవాడు ఏమీ అనలేదు, ఒక ముక్క తీసుకున్నాడు కూడా.

ఇక సమయం. ఆస్కార్ వేడుక మూడు గంటల్లో ముగిసిన సందర్భాలు ఈ మధ్య కాలంలో చాలా అరుదు. ఆ రోజు దాదాపు నాలుగు గంటలు సాగింది. ఇది నాకు ముందే తెలియాల్సిన విషయం, తెలుసు కూడా. స్లాటు మూడు గంటలే ఉంటుందన్నప్పుడు తర్వాత చూసుకోవచ్చులే అనుకోవడం నా తప్పు. ఎనిమిదిన్నరకు తలుపు మీద చప్పుడైంది. అప్పటికి ఉత్తమ నటుడు, దర్శకుడు, నటి, చిత్రం, ఈ నాలుగూ మిగిలే ఉన్నాయి. సినిమా క్లైమాక్స్‌లో కరెంటు పోయినట్టయింది.

“సార్, తొమ్మిదింటికి బర్త్‌డే పార్టీ ఉన్నది. ఊడ్వాలె, బెలూన్లు కట్టాలె. వాళ్ళు కిందనే ఉన్నరు” అన్నాడు కుర్రవాడు. డబ్బులిస్తామన్నాం, వద్దన్నాడు. ఇంకాసేపు ఆగమని బతిమాలాం. అతను అవతలి మూల ఊడ్వడం మొదలుపెట్టాడు, మేం ఈ మూలన నిలబడి చూశాం. సరిగ్గా అప్పుడే ఉత్తమ నటుడిగా అడ్రియన్ బ్రోడీ పేరు వచ్చింది. ఆయన ఉపన్యాసం ఐదున్నర నిమిషాలు దాటింది. ఆస్కార్ చరిత్రలో అంత పొడవైన విజేత ప్రసంగం లేదట. మధ్యలో ముగించమని సూచనగా ఆర్కెస్ట్రా వాయించడం మొదలుపెడితే, సంగీతం ఆపమని చెప్పి మరీ కొనసాగించాడు. అక్కడ ఆర్కెస్ట్రా వాద్యగాళ్ళకు సాధ్యం కానిది ఇక్కడ మా కుర్రవాడు చీపురుతో సాధించాడు. ఆయన వేదిక దిగేసరికి మేం మెట్ల మీద ఉన్నాం. ఎదురుగా బెలూన్లతో, కిరీటం పెట్టుకున్న నాలుగేళ్ళ పాపతో ఒక కుటుంబం పైకి వస్తోంది. ఆ పాపను చూశాక అలిగే మొహం కూడా పెట్టలేకపోయాం.

మిగిలిన మూడు అవార్డులనూ కింద బైకుల మధ్య నిలబడి ఒకే ఫోన్‌లో ఐదుగురం తలలు దూర్చి చూశాం. మూడూ ‘అనోరా’కే వచ్చాయి. దర్శకుడు షాన్ బేకర్ ఆ ఒక్క సినిమాకే నిర్మాతగా, దర్శకుడిగా, రచయితగా, ఎడిటర్‌గా నాలుగు ఆస్కార్లు తీసుకున్నాడు. ఒకే సినిమాకు ఒకే రాత్రి ఒక మనిషికి అన్ని రావడం అదే మొదటిసారి. ఉత్తమ నటి దగ్గర మాత్రం అందరి కాగితాలూ తప్పాయి. గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, నటుల సంఘం అవార్డు మూడూ గెలిచిన డెమీ మూర్ అని అందరం రాశాం. అంతకుముందు బాఫ్టా అందుకున్న మైకీ మాడిసన్ గెలిచింది. మొత్తం మీద నావి పదిహేను సరిపోయాయి. ఆ రోజు ఇడ్లీ, వడ, పూరీ, చాయ్ నాకు ఉచితం. ఎల్లుండి నుంచి ఇంటర్ పరీక్షల డ్యూటీ అని తెలిసినా ఎవరూ లేవకుండా పది దాకా హోటల్లోనే కూర్చున్నాం.

కాబట్టి ఈ హాలు మంచిదా కాదా అని అడిగితే, సినిమా చూడటానికి ఫరవాలేదు, పుట్టినరోజుకు బాగుంటుంది, అవార్డుల వేడుకకు మాత్రం ముందే గట్టిగా మాట్లాడుకుంటేనే పనికొస్తుంది. అన్ని అవార్డులకూ ఇది అవసరం కూడా లేదు. 2025 ఆగస్టు 1న 71వ జాతీయ అవార్డుల ప్రకటనలో ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు మా వరంగల్ కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. ఢిల్లీలో విలేకరుల సమావేశంలో చదివిన జాబితా అది. స్టాఫ్ రూములో ఫోన్‌లో విన్నాం, అంతే చాలు. ఆనందంలో తేడా ఏమీ లేదు. ఆస్కార్‌కు మాత్రం పెద్ద తెర కావాలనిపిస్తుంది, ఎందుకంటే అది ఫలితాల ప్రకటన కంటే ఎక్కువగా ఒక ప్రదర్శన.

98వ వేడుక 2026 మార్చి 15న, మనకు 16వ తేదీ సోమవారం. అప్పటికి అమెరికాలో గడియారాలు ముందుకు జరిగి ఉంటాయి కాబట్టి మళ్ళీ నాలుగున్నరకే మొదలు. ఈసారి నటీనటుల ఎంపికకు కొత్తగా ఒక అవార్డు చేరి విభాగాలు 24 అవుతాయి. పోయిన వారం అదే హాలుకు ఫోన్ చేశాను. నాలుగుంబావు నుంచి తొమ్మిదిన్నర దాకా, రెండు స్లాట్ల డబ్బు ముందే కడతాను, మధ్యలో ఎవరికీ ఇవ్వొద్దు, గులాబీ అక్షరాలకు వేరే స్విచ్ పెట్టించు, చదువుకోవడానికి ఒక బల్బు కావాలి అని ఒక్కొక్కటీ చెప్పాను. కుర్రవాడు అన్నిటికీ సరేనన్నాడు. అడ్వాన్సు అందినట్టు మెసేజ్ వచ్చాక మళ్ళీ ఫోన్ చేశాడు.

“సార్, రెండు స్లాట్లు తీసుకుంటే కేక్ ఫ్రీ. దాని మీద పేరేం రాయాలె?”